ఆటకు అన్‌ఫిట్

నాకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒక్కటే, గొంతు. మధిర దగ్గర మా ఊళ్ళో మా నాన్న గట్టు మీద నిలబడి కేకేస్తే రెండు చేల అవతల అరక దున్నుతున్న మనిషి ఆగిపోయేవాడు. ఆ కేక నాకొచ్చింది, పొలం మా అన్నలకు పోయింది. ఎనభైల్లో ఇల్లందులో ఒక గని దవాఖానాలో కాంపౌండరుగా చేరినప్పుడు మా డాక్టరుగారు నా సర్టిఫికెట్లు పైపైన తిరగేశారు గాని, వరండాలో ఉన్న రోగిని నేను ఒక్క కేకతో లోపలికి పిలవగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఆ అరుపులన్నీ ఆయనే అరుచుకునేవారట. ఆ రోజు నుంచి మందులివ్వడం, కట్లు కట్టడంతోపాటు కిటికీ దగ్గర నిలబడి పేర్లూ ఫలితాలూ చదవడం కూడా నా ఉద్యోగమే అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చెడ్డదేం కాదు, కాకపోతే కాస్త పెద్దది. అది ఒక మనిషిని ఊరు దాటించిన సంగతి మాత్రం ఇన్నేళ్ళలో నేను ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు.

అప్పట్లో మా గనికి ఒక క్రికెట్ టీము ఉండేది. టీమంటే పదకొండు మంది అనుకునేరు. ఆడేవాడు ఒక్కడే, మా ఓపెనింగ్ బౌలర్. మిగతా పదిమందీ అతను బంతి వేస్తుంటే చుట్టూ నిలబడడానికి వచ్చినవాళ్ళు. కెప్టెన్ మా గని ఎలక్ట్రీషియన్, ఖమ్మం మనిషి. అతనూ ఒక ఓవర్ వేసేవాడు గాని, ఆ బంతి ముష్టివాడి బొచ్చెలో బియ్యం పోసినంత మెత్తగా పడేది. నేను ఆడేవాణ్ణి కాదు. నా పని బౌండరీ దగ్గర నిలబడి అరవడం. నేను అరిస్తే అవతలి బ్యాట్స్‌మన్ ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు. ఆ తిరిగి చూసిన లెక్కన కొన్ని వికెట్లు నావి కూడా అని నేను వాదించేవాణ్ణి.

మా బౌలర్ భూమి లోపల బొగ్గు నింపే కార్మికుడు. తట్ట, చెమ్మస్ అతని పనిముట్లు. చెమ్మస్ అంటే వెడల్పాటి పార, దాంతో బొగ్గు తట్టలోకి ఎత్తి, తట్టతో పట్టాల మీద నడిచే టబ్బులో పోయాలి. మణుగూరు పోయే తోవలో బస్సు దిగి అడవిలోకి చాలాదూరం నడిస్తే వచ్చే పల్లె అతనిది. చిన్నప్పటి నుంచి మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసిరి జొన్నచేను కాసిన చెయ్యి అది. గనిలో నౌకరీ దొరికి వచ్చాక ఒక ఆదివారం గ్రౌండు పక్క నుంచి పోతూ, బయటికొచ్చి పడ్డ బంతిని తీసి లోపలికి విసిరాడట. అది నేరుగా పోయి మూడు స్టంపుల్లో నడిమి దాన్ని పెరికేసింది. కెప్టెన్ వెంటనే పరుగెత్తి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వంచకుండా వేయడం నేర్చుకోవడానికి ఒక ఏడాది పట్టింది. ఆ తర్వాత రెండేళ్ళు గనుల మధ్య పోటీల్లో షీల్డు మాదే. మణుగూరు టీమువాళ్ళు అతను పరుగు మొదలుపెట్టగానే వికెట్టుకు ఒక అడుగు పక్కకు జరిగేవారు. చూడడానికి కన్నుల పండుగగా ఉండేది.

మూడో ఏడు చలికాలం, పోటీలు ఇంక పదిహేను రోజులున్నాయనగా అతను నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న జొన్నచేను కోతకొచ్చింది, పిట్టలు విపరీతంగా వాలుతున్నాయి, ముసలాయన ఒక్కడివల్ల కావడం లేదు. కొడుకు మంచె ఎక్కి నాలుగు రోజులూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వడిసెల తిప్పాడు. అయిదో రోజు ఇల్లందులో బస్సు దిగేసరికి కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి పైకి లేవడం లేదు. తలపాగా చుట్టుకోవడానికి కూడా భార్య సాయం పట్టింది.

ఈ వార్త నాకు టీ హోటల్లో తెలిసింది. నేను బాధపడ్డానని చెప్పుకోవాలని ఉంది గాని, నిజానికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిట్టల మీద వికెట్లన్నీ తీసి వచ్చాడా! మనకేం మిగిల్చాడింక?" అని హోటల్ దద్దరిల్లేలా అరిచాను.

"గట్లనకు సార్. చేను వాళ్ళది, చెయ్యి ఆయనది" అన్నాడు టీ పోస్తున్న హోటలాయన.

అతని మాట నా చెవికెక్కలేదు. ఆ భుజం మా అందరి ఉమ్మడి ఆస్తి అయినట్టు, దాన్ని మాకు చెప్పకుండా వాడుకున్నట్టు మాట్లాడాను. నేనొక్కణ్ణే కాదు. ఆ వారం ఆ భుజానికి జరిగిన మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరిగి ఉండదు. ఒకరు మూసాంబరం నూరి పట్టు వేయించారు. ఒకరు ఆముదం కాచి తెచ్చారు. ఇంకొకరు బస్టాండు వెనక ఉండే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయి కట్టు కట్టించారు. టబ్బులు నెట్టే ముసలాయన ఒకడు చెయ్యి లేస్తే భద్రాచలం నడిచి వస్తానని మొక్కుకున్నాడు. ఎవరో ఎండుమిరపకాయలు తెచ్చి భుజానికి మాత్రమే దిష్టి తీశారు. అతను ఇవన్నీ నోరెత్తకుండా చేయించుకున్నాడు. గనిలోకి మాత్రం రోజూ దిగుతూనే ఉన్నాడు, ఎడమచేత్తో ఎంత నింపగలిగితే అంత నింపుతున్నాడు. ఆ సంగతి గురించి మాలో ఒక్కడూ అడగలేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మా కోసమే పుట్టి ఉంటుంది.

పోటీలకు ముందు ఆటగాళ్ళందరికీ డాక్టరుగారు పరీక్ష చేసి జాబితా మీద రాసివ్వాలి. ఆ రోజు పదకొండు మందీ వచ్చారు. డాక్టరుగారు మా బౌలర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్రాక్చరేం లేదయ్యా. మజిల్ స్ట్రెయినే. త్రీ వీక్స్ బంతి ముట్టుకోకు" అన్నారు. నేను ఆ పక్కనే దూది కత్తిరిస్తున్నాను, స్పష్టంగా విన్నాను. అతను కూడా విన్నాడనే అనుకున్నాను. కాని ఆయన ఆ మాట అన్నది ఇంగ్లీషు కలిపి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, సగం నావైపు తిరిగి. అతనికి ఎంత చెవిన పడిందో దేవుడికెరుక.

తర్వాత జాబితా నా చేతికొచ్చింది. అదే రోజు లోపల పనిచేసే కార్మికులకు మెడికల్ కూడా ఉంది. ఏటా కొందరిని పిలిచి కళ్ళూ ఊపిరితిత్తులూ చూసే పరీక్ష అది. వరండా నిండా జనం. ఆటగాళ్ళూ వాళ్ళలోనే కలిసి కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి, మెడికల్ జాబితా ఇలా పూర్తి చేసి, ఆటల జాబితా అలా అందుకున్నాను. మధ్యలో ఇది వేరే జాబితా అని ఒక్క ముక్క చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పేరు, ఫిట్. పేరు, ఫిట్. పేరు, ఫిట్. మా బౌలర్ పేరు దగ్గరికొచ్చేసరికి కోపమో బాధో తెలియదు, మామూలుకన్నా ఒక పాలు ఎక్కువ గొంతుతో "అన్‌ఫిట్" అన్నాను.

వరండా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అంతమందికి క్రికెట్ మీద ఇంత ప్రేమ ఉందా అని నేను పొంగిపోయాను కూడా. అతను లేచి, భుజం మీది తువ్వాలు ఎడమచేత్తో సర్దుకుని, డాక్టరుగారు రాసిన చీటీ తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బొగ్గు ఊళ్ళో పుట్టి పెరగనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గని మనిషికి ఇంగ్లీషు రాకపోవచ్చు గాని అన్‌ఫిట్ అన్న మాట రాకుండా ఉండదు. ఆ మాటకు అక్కడ ఒకటే అర్థం. ఇక నువ్వు గనిలోకి దిగడానికి పనికిరావు, నీ నౌకరీ అయిపోయింది, నీ ఇంట్లో ఈడొచ్చిన మగపిల్లవాడుంటే పంపించు. కొడుకు ఎదిగి ఉన్న ముసలివాళ్ళు ఆ మాట కోసం ఎదురుచూసేవారు. నిజానికి అలా అన్‌ఫిట్ చేసేది మా చిన్న దవాఖానా కాదు, పెద్దాసుపత్రిలో బోర్డు కూర్చోవాలి. కాని గుండె గుభేలుమన్న మనిషికి బోర్డు గుర్తొస్తుందా? పైగా భుజం లేవడం లేదన్న సంగతి అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?

నాకు మాత్రం రెండు రోజులదాకా ఈ సంగతే తెలియదు. నేను ఎక్కడికి పోయినా జనం దిగులు ముఖాలతో పలకరించారు. నేనూ అంతే దిగులుగా జవాబిచ్చాను. వాళ్ళ దిగులు ఒకటి, నాది ఇంకొకటి అని ఇద్దరికీ తెలియలేదు. మా బౌలర్ పక్క క్వార్టర్లో ఉండే ఆయన సంతలో కనపడి, "ఇగ ఆయన సంగతేంది సార్?" అని అడిగాడు.

"ఏముంది, అతని జాగాలో ఇంకొకణ్ణి తీసుకుంటారు" అన్నాను.

"గంతేనా? ఏం చెయ్యరాదా?"

"పెద్దసారు రాశాక ఎవరేం చేస్తారు? ఈసారికి అతని పని అయిపోయినట్టే."

ఆయన వంకాయలు ఏరుతున్నవాడు చేతిలోవి అక్కడే వదిలేసి నన్ను ఒక రకంగా చూశాడు. "మస్తు సులువుగ చెప్తున్నవ్ సార్" అన్నాడు. క్రికెట్ మీద ఈయనకెంత పట్టుదల అనుకుని నేను టమాటాలు కొనుక్కుని ఇంటికి పోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ టమాటాలు తీసి నా నెత్తిన నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున కిటికీ దగ్గరికి ఒకామె వచ్చి నిలబడింది. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. మా బౌలర్ భార్య. అంతకుముందు ఒకటి రెండుసార్లు పిల్లకు జ్వరమని వచ్చింది గనక గుర్తుపట్టాను.

"ఏమ్మా, పాపకు ఒంట్లో బాలేదా?"

"పాప మంచిగనే ఉన్నది. ఒక్క మాట అడుగుదామని వచ్చిన. క్వార్టర్ ఎన్నడు ఖాళీ చెయ్యాలె సార్?"

నాకు అర్థం కాలేదు. క్వార్టర్ల సంగతి ఆఫీసులో అడగమన్నాను.

"ఆఫీసుకు పోవుడు భయమైతుంది. చదివింది నువ్వే గదా. గందుకే నిన్నడుగుతున్న. ఇంక నెల అన్న ఉండనిస్తరా? ఈ చలిల పిల్లను పట్టుకొని ఎటు పోవాలె?"

"అసలెందుకు ఖాళీ చేయడం?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆయన్ని అన్‌ఫిట్ చేసిరి గద సార్. నౌకరీ పాయె. మా తమ్ముడు కూడ వచ్చి కూసున్నడు, గా నౌకరీ కోసం కాయితాలు పట్టుకొని."

నా చేతిలో ఉన్న మందుసీసా మూత జారి కింద పడింది. అది దొర్లుకుంటూ బల్ల కిందికి పోయిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. వరండాలో నిశ్శబ్దం, సంతలో వంకాయలు, జనం ముఖాలు, అన్నీ ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. నాకు సిగ్గేసింది.

"ఆటకమ్మా! ఆటకు అన్‌ఫిట్! నౌకరీకి కాదు!" అని అరిచాను. అలవాటు గొంతు, అది తగ్గి రాదు. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

ఆమె పాపను భుజాన వేసుకుని సముదాయించింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో ఏం మారలేదు.

"కాయితం మీద రాసియ్యి" అంది. "నోటిమాట వద్దు. నోటిమాటతోనే గింత దూరం వచ్చింది."

"ఆయనేడి?"

"గా దినమే ఊరికి పోయిండు. ఇగ గనికి పనికిరాను, నాయినకు చేనుల సాయం చేస్త అన్నడు. నాగాలు పడుతున్నయ్ సార్."

నేను లోపలికి పరుగెత్తి డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తెల్లకాగితం తీసుకున్నారు. ఆయన తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో, ఒక్కో అక్షరం ఆలోచించి ఆలోచించి దించారు. ఈ మనిషి భుజం బెణికింది. ఆటకు మాత్రమే మూడు వారాలు అన్‌ఫిట్. నౌకరీకి ఏమీ భయం లేదు. అంతవరకు పైన తేలిక పని ఇవ్వాలి. కింద సంతకం, దాని మీద దవాఖానా స్టాంపు. నాగాలు పడకుండా సిక్కులో, అంటే జబ్బు సెలవులో, రాయమని కూడా అప్పుడే చెప్పారు. "నువ్వే తీసుకెళ్ళు" అన్నారు నాతో. "అరిచింది నువ్వేగా."

కెప్టెన్ మోటారు సైకిలు తీశాడు. అతనూ నాలాగే సంగతి తెలియక ఆ రెండు రోజులు కొత్త బౌలర్ కోసం వెతుకుతూ తిరిగాడు గనక ఇద్దరం దోవంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. వెనక కూర్చున్నవాడికి ఎలాగూ వీపే కనపడుతుంది, అది కొంత నయం. రోడ్డు మీద బండి ఆపి, కాలిబాట పట్టి, ఒక వాగు దాటి, కనపడ్డవాళ్ళనల్లా అడుక్కుంటూ పోయాం. వెళ్ళేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది.

కోత అయిపోయిన జొన్నచేలో అతను ఒక్కడూ ఉన్నాడు. ఎడమచేత్తో పార పట్టుకుని మట్టి ఎత్తి ఒక గంపలో వేస్తున్నాడు. వేసి, గంప కుమ్మరించి, మళ్ళీ అదే మట్టి ఎత్తుతున్నాడు. ఏదో గట్టు వేస్తున్నాడనుకున్నాను. దగ్గరికి పోయాక అక్కడ గట్టూ లేదు, గుంటా లేదు. ఎడమచెయ్యికి నింపడం అలవాటు చేసుకుంటున్నాడు. పనికిరానని నమ్మిన మనిషి, ఎవరూ చూడని చోట పనికొస్తానేమోనని చూసుకుంటున్నాడు. నా జీవితంలో మాట పెగలని సందర్భాలు తక్కువ, అందులో అది మొదటిది.

కెప్టెనే నా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అతనికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. పార కింద పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని, కాగితం ఎండకు అడ్డంగా పట్టుకుని చదివాడు. "ఆ ట కు. మా త్ర మే." అక్కడ ఆగి మళ్ళీ మొదటికొచ్చాడు. "ఆటకు మాత్రమే." మూడోసారి చదివాక నావైపు తిరిగాడు.

"తట్ట ఎత్తొచ్చునా సార్?"

"మూడు వారాల తర్వాత ఎత్తచ్చు. అప్పటిదాకా పైన పని ఇస్తారు. డాక్టరుగారు చెప్పారు."

"చెమ్మస్ పట్టొచ్చునా?"

"పట్టచ్చు."

"లోపటికి దిగనిస్తరా?"

"దిగనిస్తారయ్యా! నీ నౌకరీ నీదే. నా నోరు పడిపోను, తప్పు నాది."

అతను ఉన్నచోటనే చేలో కూలబడ్డాడు. జొన్నమోళ్ళు గుచ్చుకుంటాయి కూర్చోకు అని కెప్టెన్ అంటున్నా లేవలేదు. తల వంచుకుని కాగితం మోకాలి మీద పెట్టుకుని, స్టాంపును వేలితో తడుముతూ కూర్చున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని నేను పక్కన కూర్చున్నాను. నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్న మాట నిజమే గాని, నవ్వుతున్నాడు.

"నేనేమో, ఎవలు తిడితె గిట్లయ్యిందా అని మూడు దినాలు లెక్కలు కట్టుకుంట కూసున్న" అన్నాడు. "మణుగూరోళ్ళు చేతబడి చేసిన్రు అనుకున్న."

ఆ మాటకు ముగ్గురం పడీపడీ నవ్వాం. నాకు పొద్దుటి తర్వాత కాదు, మూడేళ్ళ తర్వాత ఊపిరి ఆడినట్టయింది. వాళ్ళ నాన్న ఆ నవ్వులు విని గుడిసెలోంచి వచ్చాడు. కొడుకు తెలుగులో కాకుండా వాళ్ళ ఇంటి భాషలో ఏదో చెప్పాడు. ముసలాయన నా దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?"

"కిటికీల కెల్లి మొత్తుకున్నోడు ఈయనేనా అంటున్నడు."

నేను చేతులు జోడించాను. ముసలాయన కోప్పడలేదు. లోపలికి పోయి అంబలి ముంత తెచ్చి ముందు నాకే ఇచ్చాడు, తర్వాత కెప్టెన్‌కి. ఎండన పడి వచ్చాం, కడుపు చల్లబడింది. తాగుతుంటే ముసలాయన మళ్ళీ ఏదో అన్నాడు. ఈసారి కొడుకు అర్థం చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు. పిట్టల్ని తోలడానికి నిన్ను మంచె మీద నిలబెడితే వడిసెల అవసరమే ఉండదంటున్నాడు, అన్నాడు.

ఇల్లందులో ఆ సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ఈసారి ఆ వార్త నేను చదవలేదు, దానంతటదే పాకింది. సంతలో వంకాయలు వదిలేసిన ఆయన దవాఖానా దాకా వచ్చి, "ముందే చెప్పొద్దా సార్" అని నవ్వాడు. మా ఊరంతా సంతోషించిన ఆ రోజు ముఖం వేలాడేసుకున్నవాడు ఒక్కడే, మా బౌలర్ బామ్మర్ది. పాపం సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కొత్త చొక్కా కుట్టించుకుని, ఏ షిఫ్టు తేలిగ్గా ఉంటుందో కూడా కనుక్కుని పెట్టుకున్నాడు. బావ చెయ్యి బాగుందన్న మాట విని, సంతోషించాలో ఏడవాలో తెలియక, ముందు సంతోషించి తర్వాత బస్సెక్కాడు.

పోటీలు మొదలయ్యాయి. ఆదివారానికొక మ్యాచ్. మొదటి రెండూ మేము ఓడిపోయాం. ఓడడమంటే మామూలుగా కాదు, కెప్టెన్ వేసిన బంతుల్ని అవతలివాళ్ళు తుమ్మచెట్ల అవతలికి కొడుతుంటే వెతకడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. ఇంకో ఏడయితే నేను ఆ రాత్రి అన్నం తినేవాణ్ణి కాదు. ఈసారి షామియానా కింద మా బౌలర్ పక్కన కూర్చుని, పల్లీలు ఒలుచుకు తింటూ హాయిగా చూశాను. అతను లాంపు రూములో తేలిక పని చేస్తున్నాడు, గనిలోకి దిగేవాళ్ళు పట్టుకుపోయే బత్తీలు తుడిచి వరసలో పెట్టే పని. చెయ్యి కొద్దికొద్దిగా లేస్తోంది. రోజూ పొద్దున దవాఖానాకొచ్చి గోడ మీద వేలితో ఎంత ఎత్తు అందుతోందో చూపించేవాడు. నేను పెన్సిలుతో గీత పెట్టేవాణ్ణి. మూడో మ్యాచ్‌లో అవతలివాళ్ళ బస్సు చెడిపోయి ఏడుగురే వచ్చారు, దాంతో గెలిచాం. ఎంత గెలుపైనా గెలుపే అని నేను బౌండరీ దగ్గర మామూలుగానే అరిచాను.

నాలుగో ఆదివారానికి మూడు వారాల గడువు దాటిపోయింది. డాక్టరుగారు చెయ్యి తిప్పి చూసి, ఒక్క ఓవర్ వేసి చూడమన్నారు. ఈసారి నేను ఆ మాట కిటికీలోంచి చదవలేదు. మెల్లగా అతని చెవిలో చెప్పాను.

ఆ మ్యాచ్ మణుగూరు వాళ్ళతో. గ్రౌండు చుట్టూ ఇసకవేస్తే రాలనంత జనం. సెకండ్ షిఫ్టు వాళ్ళు డ్యూటీకి పోయేముందు ఒక్క బంతి చూసి పోదామని టిఫిన్ డబ్బాలతో సహా నిలబడ్డారు. నేను నా జాగాలో నిలబడి ఉంటే, పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. చూస్తే అతని భార్య. చంకలో పాప. ఆమె గ్రౌండుకు రావడం అదే మొదలు. నన్ను చూసింది గాని పలకరించలేదు. కాగితం అడిగిన నాటి నుంచి నాతో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ అడగలేదు.

మా బౌలర్ బంతి పట్టుకుని వెనక్కి నడిచాడు. నేను ఎప్పుడూ లేనిది నోరు మూసుకున్నాను. నేనే కాదు, గ్రౌండంతా అంతే. అతను పరుగు మొదలుపెట్టాడు. మణుగూరు బ్యాట్స్‌మన్ అలవాటు ప్రకారం ఒక అడుగు పక్కకు జరిగాడు. చెయ్యి లేచింది. తల మీదుగా, చెవి పక్క నుంచి, పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. బంతి పిచ్ మీద పరిచిన మ్యాట్ మీద కూడా పడకుండా బ్యాట్స్‌మన్‌కు బారెడు దూరంలోంచి పోయి, వికెట్ కీపర్‌కూ అందకుండా, బౌండరీ దాటి జనంలో పడింది. అంపైరు వైడని రెండు చేతులూ బార చాపాడు.

గ్రౌండు పేలిపోయింది. ఈలలు, చప్పట్లు, టిఫిన్ డబ్బాల మీద దరువులు. అంత చెత్త బంతికి అంత సంబరం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. మణుగూరు ఆటగాళ్ళు వీళ్ళకు మతిపోయిందా అన్నట్టు అయోమయంగా చూశారు. మా బౌలర్ పిచ్ మధ్యలో నిలబడి తన భుజాన్ని తనే పట్టి చూసుకుంటున్నాడు.

ఆమె కంగారుగా నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. "గాయన రెండు చేతులు చాపిండేంది సార్? తప్పు చేసిండా మా ఆయన?"

"తప్పేనమ్మా. బంతి ఎటో పోయింది. కాని చెయ్యి లేచింది, చూశావా?"

ఆమె మళ్ళీ పిచ్ వైపు చూసింది. అతను రెండో బంతి కోసం వెనక్కి నడుస్తున్నాడు. నడుస్తూ నడుస్తూ, వట్టిగానే ఇంకోసారి చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"అవ్, లేసింది" అంది. అని, చంకలో పాపను తీసి నా చేతుల్లో పెట్టి, రెండు చేతులా చప్పట్లు కొట్టింది.